తెల్లవారుజామున నాలుగున్నరకు మూడు గూస్ బాతులు: ఒక పొరుగు తగాదా కేస్ స్టడీ

నేను పశువైద్యుణ్ని. ఇరవై రెండేళ్లు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో చేసి, ఇప్పుడు కోనసీమలో ఒక పట్టణంలో సొంత క్లినిక్ నడుపుతున్నాను. గేదెలు, మేకలు, కుక్కలు, ఈమధ్య పిల్లులు కూడా. పక్షులంటే ఎక్కువగా కోళ్లు, వాటికి కొక్కెర తెగులు టీకాలు. 2024 డిసెంబరులో ఒక సాయంత్రం రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన వచ్చి నా బల్ల మీద కాగితం పెట్టారు. ఆయన పెంచుకుంటున్న బాతుల గోల భరించలేకపోతున్నామని పక్కింటివాళ్లు సోమవారం నాడు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అంటే ప్రభుత్వాధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే చోట, అర్జీ పెట్టారు. అది తిరిగి తిరిగి వార్డు సచివాలయానికి వచ్చింది. వాళ్లు ఈయన్ని వివరణ అడిగారు.

"వీటికి గొంతు తగ్గే మందేమైనా ఉందా డాక్టరు గారూ?" అన్నారు.

లేదు. ఆపరేషనూ లేదు. మనకు స్వరపేటిక గొంతులో ఉంటుంది. పక్షికి అది లోపల ఛాతీలో, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉంటుంది. అక్కడ కత్తి పెడితే అరుపుతో పాటు ఊపిరీ ఆగిపోతుంది. ఆ మాట చెప్పి, రేపు ఇంటికి వచ్చి చూస్తానన్నాను. రెండు విజిట్లలో అయిపోతుందనుకున్న కేసు పదకొండు విజిట్లకు పోయింది. పేర్లు రాయడం లేదు. మాస్టారూ, పక్కింటివాళ్లూ రాయమన్నాకే రాస్తున్నాను.

ఇల్లు, గోడ, పక్షులు

పదేళ్ల క్రితం వరకు ఆ కాలనీ అంతా వరిచేలు. ఇప్పటికీ సగం ప్లాట్లు ఖాళీ. 2023 వానల్లో మాస్టారి ఇంట్లో మోటారు పెట్టె పక్కన తాచు కనిపించింది. గూస్ బాతులుంటే పాములు రావని ఎవరో చెప్పారు. ఈ మాట మా వైపు చాలా గట్టిగా నమ్ముతారు. గూస్ బాతు పామును చూస్తే మెడ చాచి, రెక్కలు విప్పి, ఊరంతా వినపడేలా అరుస్తుంది. అంతవరకు నిజం. అంతేగానీ పామును తినదు, దాని వాసన చూసి పాము పారిపోదు. పామొచ్చిందని అరిచి చెబుతుందని పెంచుకున్న పక్షి అరుస్తోందని తగాదా. మాస్టారికి ఈ మాట చెబితే నవ్వలేదు.

ఆయన దగ్గరున్నవి మూడు. ఒక మగది, రెండు పెట్టలు. తెల్లటి ఒళ్లు, నారింజ రంగు ముక్కు, ముక్కు మొదట్లో బొడిపె. వీధిలో పిల్లలు వాటిని హంసలంటారు, మాస్టారి భార్య కూడా. అవి హంసలు కావు, చైనా గూస్ జాతి. గూస్ జాతులన్నింట్లో నోరు పెద్దది ఇదే. ఎంబ్డెన్, టూలూజ్ లాంటి యూరప్ జాతులు బరువెక్కువ, గోల కాస్త తక్కువ. కానీ మా సంతల్లో దొరికేది ఎక్కువగా ఈ బొడిపె ముక్కుదే. కొనేవాళ్లు జాతి అడగరు, అమ్మేవాళ్లకూ తెలియదు. మాస్టారు మూడింటినీ పిల్లలుగా తెచ్చారు. గూస్ బాతు బాగా పెంచితే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుందని అప్పుడు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు అరవై ఏడు.

పాక తూర్పు ప్రహరీకి ఆనించి ఉంది. మీద రేకు, మూడు వైపులా ఇనుప వల. గోడకు అవతల ఆరు మీటర్లలో పక్కింటివాళ్ల పడకగది కిటికీ. ఆ ఇంట్లో భార్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు డ్యూటీ. భర్త ఎరువుల కొట్లో పని. మూడేళ్ల బాబు. ఉత్తరాన వెనకింట్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఉంది. పడమటి ప్లాటు ఖాళీ, తుమ్మచెట్లు.

మొదటి రోజు నేను మాస్టారింటికే వెళ్లాను. అది పొరపాటు. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, ఆయన చెప్పింది విని, ఆయన పక్షుల్ని చూసి, ఆ తరవాత పక్కింటి గేటు తీశాను. వాళ్ల దృష్టిలో అప్పటికే నేను మాస్టారి మనిషిని. ఫిర్యాదు చేసినవాళ్ల గదిలో, వాళ్ల మంచం మీద కూర్చుని ఆ అరుపు వినకుండా ఈ కేసు అర్థం కాదు. ఇప్పుడైతే ముందు అక్కడికే వెళతాను.

వారం రోజుల లెక్క

"రాత్రంతా అరుస్తూనే ఉంటాయండి" అన్నారు పక్కింటాయన. "అస్సలు అరవవు, ఎవరైనా వస్తే తప్ప" అన్నారు మాస్టారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మాస్టారికి ఆ అరుపు అలవాటై చెవికి ఎక్కడం లేదు. పక్కింటాయనకు ఒకసారి మెలకువ వస్తే, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందోనని ఎదురుచూస్తూ పడుకోవడమే రాత్రంతా.

నా పాత ఫోను ఒకటి పక్కింటి కిటికీ ఊచకు కట్టి, ఏడు రోజులు రాత్రింబవళ్లు రికార్డింగు పెట్టాను. అరుపు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, ఎలాంటి అరుపు. అదంతా విని రాయడానికి మా కాంపౌండరుకు మూడు రోజులు పట్టింది. పాపం అతనికి కలలో కూడా అవే వచ్చాయట.

గూస్ అరుపు ఒక్కటి కాదు. అందరం అక్కడే పొరబడతాం. మెడ నిటారుగా ఎత్తి, బొంగురుగా, ఆగకుండా గాంక్ గాంక్ అంటే అది హెచ్చరిక. కొత్త మనిషి, కుక్క, వెలుతురు, నీడ. ఒకదాన్నొకటి చూసుకుంటూ మెడలు ముందుకు చాచి అందరూ కలిసి గోల చేస్తే అది ఒక రకం పలకరింపు. మగది దేన్నో తరిమి వచ్చి, గెలిచానని పెళ్లాలకు చెప్పుకుంటుంది. గ్రేలాగ్ అనే అడవి గూస్‌ల మీద పని చేసి 1973లో నోబెల్ అందుకున్న జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ దీన్ని చాలా వివరంగా గమనించాడు. మూడోది తిండి కోసం. ఇది సన్నగా, లయగా, ఒకే వైపు చూస్తూ ఉంటుంది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

రికార్డింగులో సగటున రాత్రికి తొమ్మిది సార్లు గోల వచ్చింది. ఒక్కొక్కటి యాభై సెకన్ల లోపు. తొమ్మిదింట్లో ఐదారు తెల్లవారుజామున నాలుగుంపావు, ఐదున్నర మధ్యే. అన్నీ హెచ్చరిక అరుపులే. పగలు మాత్రం కథ వేరు. ఎనిమిదిన్నర నుంచి పది వరకు వదిలి వదిలి తిండి అరుపు. నర్సు ఇంటికొచ్చి, స్నానం చేసి, తొమ్మిదికి పడుకుంటుంది. అంటే ఆమె భర్త నిద్ర పాడుచేసేది ఒక అరుపు, ఆమె నిద్ర పాడుచేసేది ఇంకొకటి. అర్జీలో మాత్రం రెండూ కలిసి "బాతుల గోల" అయిపోయాయి.

ఇంకో సంగతి. మంగళవారం రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయి ఐదింటికి వచ్చింది. ఆ రాత్రి మొత్తం మీద రెండే అరుపులు. నాలుగున్నరకు ఒక్కటీ లేదు. పాలబ్బాయి బండి శబ్దం రికార్డింగులో వినిపిస్తూనే ఉంది, గూస్‌లు మాత్రం కిక్కురుమనలేదు.

బండి శబ్దానికి కాదన్నమాట. వెలుతురుకి. మరుసటి తెల్లవారుజామున నాలుగింటికి నేనే వెళ్లి మాస్టారి డాబా మీద కూర్చున్నాను. నాలుగూ ఇరవైకి ఒక వీధిపిల్లి పక్కింటి ప్రహరీ మీద నడిచింది. పక్కింటాయన గోడకు పెట్టుకున్న సెన్సారు లైటు భగ్గుమని వెలిగింది. ఆ తెల్లటి వెలుగు వల సందుల్లోంచి సరిగ్గా పాకలో పడింది. మూడు మెడలు ఒకేసారి లేచాయి.

ఆ లైటు ఎందుకు పెట్టారని తరవాత అడిగాను. పాముల భయానికట.

లెక్కల మాస్టారి లెక్క

ఈలోగా మాస్టారి మేనల్లుడు, లాయరు, చట్టం తీశాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతకు కొలమానం. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు. ఆ అంకెలు ఒక క్షణంలో వచ్చే మోత గురించి కావు, మొత్తం సమయానికి సగటు. పైగా ప్రమాణానికి పది డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ దాటితే అధికారికి ఫిర్యాదు చేయొచ్చన్నది అందులో ఒక నిబంధన. "రాత్రి ఎనిమిది గంటల్లో ఏడెనిమిది నిమిషాల అరుపు మామయ్యా, సగటు తీస్తే ఏమీ మిగలదు" అని ధైర్యం చెప్పాడు.

మాస్టారు కాగితం తీసి లెక్క కట్టారు. డెసిబెల్స్‌ని మామూలు మార్కుల్లాగా సగటు తీయకూడదు, లాగరిథమ్స్ వాడాలి. అది ఆయనకు తెలుసు, మేనల్లుడికి తెలియదు. ఫోన్ యాప్‌లో కిటికీ దగ్గర అరుపు 72, మామూలు నిశ్శబ్దం 40. తొమ్మిది అరుపులు, యాభై సెకన్ల చొప్పున 450 సెకన్లు. ఎనిమిది గంటలకు సగటు 54 వచ్చింది. ప్రమాణం కంటే తొమ్మిది ఎక్కువ. పదికి ఒకటి తక్కువ.

"ఒక్క డెసిబెల్‌తో గట్టెక్కాను" అని చూపించి, తనే తల అడ్డంగా ఊపారు. ఫోన్ యాప్‌లో తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. సరైన మీటరు పెడితే అటైనా పోవచ్చు, ఇటైనా పోవచ్చు. అదీగాక నిద్రలో మనిషిని లేపేది సగటు కాదు, నిశ్శబ్దంలో హఠాత్తుగా వచ్చిన 72. ఆ సాయంత్రం నుంచి ఆయన చట్టం మాట ఎత్తలేదు. గొడవ ముదిరితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, అంటే పాత సీఆర్పీసీ 133 కింద, నలుగురికీ ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించగల ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దాకా పోవచ్చని మేనల్లుడే చెప్పాడట. రెండో వైపు, వీధిలో ఎవరో "మందు పెట్టేస్తే పోలా" అన్నారని కూడా విన్నాను. పెంపుడు జంతువుకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325 ప్రకారం నేరమని ఆ మాట అన్నాయనకు వినపడేలాగే చెప్పాను.

నేను చేసిన తప్పు

మొదటి సలహా నాదే, చెత్త సలహా. గోలకు ముందుండేది మగది కాబట్టి, రాత్రిపూట దాన్ని వేరుగా ఇంటి పడమర వైపు గంప కింద పెట్టమన్నాను. గూస్ బాతులు జట్టు కట్టిన పక్షులు. ఒకటి కనిపించకపోతే మిగతావి పిలుస్తాయి, అది బదులిస్తుంది. ఆ రెండు రాత్రులు తూర్పు నుంచి పెట్టలు, పడమర నుంచి మగది, తెల్లవార్లూ సంభాషణ. మూడో రోజు పొద్దున నర్సు డ్యూటీ దిగి సరాసరి క్లినిక్‌కే వచ్చింది. "డాక్టరు గారూ, మీరు రాకముందే నయమండీ" అంది. క్షమించమని అడిగాను. ఆ రోజు నుంచి ఏ మార్పు చేసినా ముందు ఆమెకు చెప్పి, ఏ రోజుల్లో గోల పెరగొచ్చో కూడా చెప్పాకే మొదలుపెట్టాను. ఈ కేసులో నేను నేర్చుకున్న వైద్యం చాలావరకు అదే.

ఒంటరి గూస్‌ని పెంచుకునేవాళ్లకు కూడా ఇదే బాధ. ఒక్కదాన్నే తెస్తే గోల మూడో వంతు ఉంటుందనుకుంటారు. అది రోజంతా తోడు కోసం అరుస్తుంది, లేదా మనిషినే తోడనుకుని మనిషి ఇంట్లోకి వెళ్లగానే మొదలుపెడుతుంది.

పాక మార్పు

లైటు సంగతి పక్కింటాయనకు చెప్పడం కత్తి మీద సాము. "మీ లైటు వల్లే" అంటే తగాదా తిరగబడి వాళ్ల మీదికి పోతుంది. ఏమీ అనకుండా రికార్డింగు వినిపించి, కరెంటు పోయిన రాత్రి లెక్క చూపించాను. ఆయన కాసేపు చూసి, నిచ్చెన వేసుకుని లైటు మూతి కిందికి వంచేశారు. దానికి రెండు నిమిషాలు పట్టింది. అర్జీకి, వివరణకు, నా పరిశోధనకు పట్టిన కాలం ఐదు వారాలు.

పాకను పడమర ప్రహరీ వైపు మార్చాం. కిటికీకి ఆరు మీటర్ల దూరం పద్దెనిమిది అయింది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, మూడింతలైతే తొమ్మిదిన్నర. మా అదృష్టానికి మధ్యలో ఇల్లు కూడా అడ్డం వచ్చింది. శబ్దం ఆగడానికి కావలసింది బరువైన అడ్డు. కాలనీలో ఒకాయన కోడిగుడ్ల అట్టలు అతికించమన్నారు. అట్టలకు గదిలో ప్రతిధ్వని కొంచెం తగ్గొచ్చు గానీ శబ్దం బయటికి పోకుండా ఆగదు. పైగా గూస్‌లు వాటిని వారంలో పీకి పెడతాయి. మేం ఉత్తరాన, తూర్పున సిమెంటు ఇటుక గోడ లేపాం. పడమర ఎలాగూ ప్రహరీ ఉంది. దక్షిణం తలుపు. రేకు తీసేసి తాటాకు కప్పించాం. వాన పడినప్పుడు రేకు మోతకు కూడా అవి లేస్తున్నాయి మరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గోల ఆపాలని పాకను పెట్టెలాగా బిగించేస్తే మే నెలలో పక్షి ఉడికిపోతుంది. గోడ పైన, కప్పు కింద అడుగు ఖాళీ వదిలి, వెలుతురు నేరుగా పడకుండా తడికలు వాలుగా కట్టించాను. కింద వరిగడ్డి కాకుండా పొడి ఊక వేయించాను. తడిసి బూజు పట్టిన గడ్డి బాతు జాతి ఊపిరితిత్తులకు విషం. ఆస్పర్జిల్లస్ అనే బూజు లోపల పట్టుకుంటే మన చేతిలో ఏమీ ఉండదు. మూడు పక్షులకు నలభై చదరపు అడుగులు వచ్చింది. చాలు.

సాయంత్రం ఆరింటికి మూత, ఉదయం ఆరున్నరకు తెరుపు. లోపల చీకటిగా ఉన్నంతసేపు గూస్ బాతు తెల్లవారిందని లేచి అరవదు. చుట్టూ ఏం జరుగుతోందో కనపడకపోవడం దానికి సగం నిద్ర.

వంటింటి తలుపు

పగటి అరుపు మాత్రం పాకతో పోలేదు. అది అలవాటైన అరుపు. అలవాటు చేసింది మాస్టారి భార్య.

ఎనిమిదిన్నరకు టిఫిన్లు అయ్యాక ఆవిడ వంటింటి వెనక తలుపు తీసి మిగిలిన ఇడ్లీ, అన్నం విసిరేవారు. ఒకరోజు ఆలస్యమైంది, అవి అరిచాయి, ఆవిడ తలుపు తీసింది. అరిస్తే తలుపు తెరుచుకుంటుందని వాటికి అర్థమైంది. ఆ తరవాత ఎనిమిదిన్నర దాకా కూడా ఆగలేదు. ఆవిడతో ఈ మాట చెబితే, "పాపం నోరులేని జీవాలు, ఆకలేసి అడుగుతుంటే పెట్టకుండా ఎలా ఉండను బాబూ" అన్నారు. నోరు లేని జీవాలు అన్నప్పుడు మాస్టారు నా వైపు చూశారు.

ఆకలి కాదు. వాటికి తెల్లారి గరిక మేత ఉంది, తొట్టిలో అజొల్లా, అంటే నీళ్ల మీద తేలే నాచులాంటి మేత మొక్క, ఉంది. గూస్ బాతు ముఖ్యంగా గడ్డి మేసే పక్షి. వడ్లు, తవుడు పైన కొంచెం చాలు. ఇడ్లీలు అసలు అక్కర్లేదు.

చేసింది ఇదీ. ఉదయం పాక తెరవకముందే పడమర వైపు తొట్టిలో మేత పెట్టి ఉండాలి. వంటింటి తలుపు నుంచి ఏమీ పడకూడదు. అరుస్తున్నంతసేపు ఎవరూ బయటికి రాకూడదు, అదిలించకూడదు కూడా. అదిలింపు కూడా పక్షికి పలకరింపే. కష్టం ఏమిటంటే, ఇన్నాళ్లు పనిచేసిన అరుపు పనిచేయకపోతే పక్షి మొదట ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు అరుస్తుంది. మూడో రోజు నుంచి ఐదారు రోజుల దాకా ఇది ముదురుతుంది. ఆ సమయంలో ఒక్కసారి లొంగి ఇడ్లీ విసిరామా, "ఇంతసేపు అరిస్తే ఇస్తారు" అని నేర్పినట్టే. కథ మొదటికి కాదు, మొదటికంటే వెనక్కి పోతుంది.

ఈ మాట నర్సుకు ముందే చెప్పాను. ఆమె ఆ నాలుగు రోజులు డ్యూటీ దిగి పుట్టింటికి వెళ్లి పడుకుంది. నిజానికి ఈ కేసులో అందరికంటే ఎక్కువ సహకరించింది ఆమే, పైసా లాభం లేకుండా.

నాలుగో రోజు మాస్టారి భార్య లొంగిపోయారు. ఆవిడ చెప్పలేదు, ముక్కు మీద అన్నం మెతుకుతో మగది తిరుగుతుంటే మాస్టారు చూశారు. మళ్లీ మొదలు. ఈసారి మనిషి మనసు మీద ఆధారపడకుండా, వంటింటి తలుపు కనిపించకుండా పెరట్లో కొబ్బరాకు దడి కట్టించాను. తలుపు కనపడకపోతే తలుపును చూసి అరవడం తగ్గింది. ఆవిడకు కూడా వాటి మొహాలు కనపడక మనసు నిలిచింది. ఇడ్లీలు ఎదురింటి కుక్కకు పోతున్నాయి.

ఫిబ్రవరి

అంతా కుదుటపడుతోందనగా 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. జబ్బు పడిన చోటు నుంచి కిలోమీటరు లోపల పక్షుల్ని చంపేయడం, పది కిలోమీటర్ల దాకా నిఘా. మా కాలనీ ఆ హద్దులకు చాలా దూరం. అయినా వారంలో మాస్టారి మీద ఇంకో ఫిర్యాదు, ఈసారి నాలుగిళ్ల అవతల నుంచి. గోల గురించి కాదు, జబ్బు గురించి.

భయపడొద్దని చెప్పి వదిలేస్తే నేను వైద్యుణ్ని కాదు. బాతు జాతి పక్షులు ఒక్కోసారి పైకి జబ్బు కనపడకుండానే ఈ వైరస్ మోస్తాయి. ఆ ఫిర్యాదుదారుది అనవసరపు భయం కాదు. మేత, నీళ్లు కప్పు కిందికి మార్పించాను, అడవి పక్షులు, కాకులు దిగకుండా. పాకలోకి వేరే చెప్పులు, గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ల తట్ట. అప్పటికే కోతలైన చేలల్లోకి బాతుల మందలు దిగి ఉన్నాయి. వాటి అరుపు వినపడితే చాలు మన మూడూ బదులిస్తున్నాయి. మందలవైపు వీటిని వదలొద్దని గట్టిగా చెప్పాను.

అదే సమయంలో వెనకింటి అమ్మాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. వాళ్ల నాన్న మర్యాదగానే అడిగారు, ఈ నెల రోజులు పక్షుల్ని ఎక్కడికైనా పంపమని. మాస్టారి తమ్ముడికి కొబ్బరితోట ఉంది, ఆయన సిద్ధమే. అడ్డుపడింది నేను. బర్డ్ ఫ్లూ నడుస్తుండగా పక్షుల్ని ఊరు దాటించకూడదు. అటు అమ్మాయి చదువు, ఇటు ఈ టెన్షన్. పక్షులు గుడ్లు పెట్టే కాలం కూడా అదే, మగది మనిషి కాలు చూస్తే బుస కొట్టి మీదికొస్తోంది. చివరికి పరీక్షలయ్యేదాకా పగలు కూడా వాటిని పాక పక్కన చిన్న ఆవరణలో, దడి వెనకే ఉంచాం. అమ్మాయి పడమటి గది వదిలి హాల్లో చదువుకుంది. ఎవరికీ పూర్తిగా నచ్చని ఏర్పాటు. నడిచింది.

గుడ్లు పొదగనివ్వలేదు. మూడు ఉన్నప్పుడే ఇంత అయింది, ముప్ఫై రోజుల్లో ఆరు పిల్లలొస్తే ఈ రాత పనికిరాదు. పెట్టిన గుడ్లు మాస్టారు తీసి వీధిలో పంచారు. కోడిగుడ్డుకు రెండింతలు పైనే ఉంటుంది, పిల్లలకు సంబరం. పక్కింటికి నాలుగు పట్టుకెళ్తే నర్సు నవ్వి, "గుడ్లు వద్దు మాస్టారూ, నిద్ర ఇవ్వండి చాలు" అంది. మరుసటి వారం మాత్రం వాళ్ల బాబు వచ్చి ఒకటి అడిగి తీసుకెళ్లాడు.

ఏం తగ్గింది, ఏం తగ్గలేదు

ఏప్రిల్‌లో మళ్లీ అదే కిటికీకి అదే ఫోను కట్టాను. రాత్రికి సగటున రెండు అరుపులు, ముప్ఫై సెకన్ల లోపు, యాప్‌లో 63. మాస్టారు లెక్క కట్టి 41.5 అని రాసి, కింద సంతకం కూడా పెట్టి నాకిచ్చారు. పగటి తిండి అరుపు దాదాపు పోయింది. గేటు దగ్గర కొత్త మనిషి నిలబడితే గోల అలాగే ఉంది. అది పోదు. అర్జీ మీద "ఇరుపక్షాలు సర్దుకున్నాయి" అని రాసి మూసేశారు.

వాసన సంగతి ఫిర్యాదులో లేదుగానీ, నేను వెళ్లిన మొదటి రోజే ఉంది. గూస్ బాతు తిన్నంతసేపూ రెట్ట వేస్తూనే ఉంటుంది. నీళ్ల తొట్టి రోజూ మార్చకపోతే దోమలు. శబ్దం గురించి అరిచేవాళ్లలో చాలామందికి అసలు కోపం ముక్కు దగ్గర మొదలవుతుందని నాకు అనుమానం. ఇప్పుడు తొట్టి నీళ్లు రోజూ కొబ్బరిచెట్ల పాదుల్లోకి పోతున్నాయి. చెట్లకు మంచిదే.

ఈ కేసు తరవాత గూస్‌లు కొంటామని సలహాకొచ్చినవాళ్లను ముందు పక్కింటి పడకగది కిటికీ ఎటుందో అడుగుతున్నాను. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా. ముగ్గురిలో ఇద్దరు అక్కడే మానుకుంటున్నారు. పాముల కోసమే అయితే చెత్త కుప్పలు, ఎలుకలు తీసేయండి, ఇంటి చుట్టూ గడ్డి కొట్టించండి అంటున్నాను.

ఆగస్టులో మాస్టారి నుంచి ఫోను. పడమటి ఖాళీ ప్లాటులో తుమ్మచెట్లు కొట్టేశారట, పునాదులు తీస్తున్నారట. మా కొత్త పాక సరిగ్గా ఆ గోడకు ఆనుకునే ఉంది. గృహప్రవేశం దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లి మాట్లాడండి అన్నాను. అప్పటికే వెళ్లొచ్చారట. పక్షులున్నాయనీ, తెల్లవారుజామున ఒకటి రెండుసార్లు అరుస్తాయనీ, కావాలంటే పాక ఇంకోవైపు మారుస్తాననీ అంతా ఉన్నదున్నట్టు చెప్పారట.

"ఏమన్నారు మాస్టారూ?"

"అంతా విని, ఈ ప్లాటులో పాములు తిరుగుతాయటగదా, నిజమేనా అని అడిగాడండి."